పోచవ్వ మిరపకు మూడో నంబరు

ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు గానీ, మా కాలంలో అధికారి ఎదుట నోరు తెరవాలంటే గుండె కావాలి. ఆ గుండె వరంగల్ జిల్లా మొత్తం మీద నా ఒక్కడికే ఉండేది. హైదరాబాదు నుంచి జీపులో దిగిన పెద్దాఫీసరును మిరప చేను నడుమ నిలబెట్టి, “ఈ పంట మీది కాదు సార్, మా అక్కది” అని ముఖం మీదే అన్నవాడిని నేను. (ఈ వాక్యం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.)

మొన్న హన్మకొండలో ఒక సభకు పిలిచారు. వ్యవసాయ పరిశోధన, కొత్త ఆవిష్కరణలు, ఆహార భద్రత అన్నీ ఇకమీదట మన ప్రాంతంలోనే పెంచుతారట. మంచిదే. ఒకప్పుడు పరిశోధన కేంద్రంలో పనిచేసినవాడినని నాకొక శాలువా కప్పారు. తోడుగా మా పెద్దక్కను తీసుకెళ్లాను. ఎనభై దాటినా, ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా మూతి విప్పితే చాలు, వాసన చూసి అది ఎన్నో కోతదో చెప్పే మనిషి. తెర మీద ఒక బొమ్మ వేశారు. పైన విశ్వవిద్యాలయం, పక్కన కంపెనీ, బ్యాంకు, మార్కెట్టు. వాటి నుంచి బయల్దేరిన బాణాలన్నీ కిందికి దిగి, అడుగున ఒక చిన్న డబ్బాలో పడ్డాయి. ఆ డబ్బా మీద ‘రైతు’ అని రాసి ఉంది. అందులోంచి పైకి పోయే బాణం ఒక్కటంటే ఒక్కటి లేదు! అసలు రైతులేమో భోజనం టోకెన్లు పట్టుకుని చివరి వరుసలో కూర్చున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. శాలువా విసిరికొట్టి మైకు లాక్కున్నాను. (మర్యాదగానే అడిగి తీసుకున్నాను. శాలువా మీదే ఉంది. హాల్లో ఏసీ ఎక్కువ.) అక్కడ చెప్పిందే మీకూ చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, పరిశోధన కేంద్రంలో టెంపరరీ కొలువు. కొత్త మిరప రకాలను రైతు పొలంలో వేసి చూడాలన్నారు. ములుగు దారిలో ఉన్న మా పెద్దక్కావాళ్ల చేను చూపించాను. నాలుగు మళ్లలో కేంద్రం ఇచ్చిన నాలుగు రకాలు, వాటికి నంబరు బోర్డులు. అయిదో మడిలో, పోల్చి చూడటానికి, రైతు సొంత విత్తనం. అది అక్క అత్తగారు పోచవ్వ పుట్టింటి నుంచి కొంగున కట్టి తెచ్చుకున్న రకం. ఏటా కల్లంలో ఎండుతున్న కాయల్లోంచి ఒక్కొక్కటే ఏరి, బూడిద కలిపి దాచేది. ఆ ఏడే ఆమె పోయింది.

“జాగ ఇస్త, నీళ్లు పెడ్త, కలుపు తీపిస్త,” అంది అక్క. “గా బోర్డు మీద మా అత్త పేరు రాయాలె తమ్మీ. మీ బుక్కుల సుత ఎక్కాలె. ముసల్ది పానం లెక్క కాపాడింది.”

“ఎక్కిస్త అక్కా, నీ మీద ఒట్టు.”

బోర్డు మీద ‘స్థానిక రకం’ అని పడింది. కేంద్రం గింజకైతే కనీసం నంబరుంది. ఒక ఆడమనిషి బతుకంతా ఏరి కాపాడిన గింజకు ఊరూ పేరూ లేదు! కడుపు మండదా?

పూతకొచ్చేసరికి ఆకుముడత తెగులు తగిలింది. నంబర్లున్న నాలుగు మళ్లూ ముడుచుకుని కూర్చున్నాయి. పోచవ్వ మడి మాత్రం కాయల బరువుకు ఒరిగిపోతోంది. పెద్దాఫీసరు వచ్చే రోజు పొద్దున్నే చూస్తే, అయిదో మడిలో మూడో నంబరు బోర్డు నిలబడి ఉంది. మార్చింది నేనే, ఒప్పుకుంటున్నాను. కానీ ఊరికే మార్చానా? మా కేంద్రం సారు (మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటాడని గడియారం సారనేవాళ్లం) చెవిలో ఊదాడు: “బోర్డు మార్చెయ్యి. నీ పర్మినెంటు సంగతి నేను చూసుకుంటా.”

పెద్దాఫీసరు మురిసిపోయాడు. “మూడో నంబరు అద్భుతమయ్యా!” అని రాయించుకున్నాడు. వచ్చినవాళ్లకు సర్వపిండి పట్టుకొచ్చిన అక్క బోర్డు ముందు ఆగిపోయింది.

“గిది మా పోచవ్వ మడి గదా, మూడు నంబరెట్లయింది తమ్మీ?”

“ఏమంటోంది ఆమె?” అన్నాడు ఆఫీసరు నావైపు తిరిగి. మొదట్లో చెప్పిన ఆ వీరవాక్యం నేను అనాల్సిన చోటు ఇదే. (అనలేదు. “సర్వపిండి వేడిగా ఉంది, తినమంటోంది సార్” అన్నాను.)

మరుసటేడు మూడో నంబరు విత్తనాన్ని రఘునాథపల్లి దాకా పంచారు. పంచింది అసలు మూడో నంబరే కదా, చేలకు చేలు ముడుచుకుపోయాయి. విచారణకు వచ్చినవాళ్లు ‘రైతులు పద్ధతి పాటించలేదు’ అని రాసుకుపోయారు. తప్పు రైతుదట! నేను పర్మినెంటయ్యాను. అక్క మూడేళ్లు నాతో మాట్లాడలేదు.

“పైవాళ్లు మెడ మీద కూర్చుంటే చిన్న ఉద్యోగి ఏం చేస్తాడు? అందుకే ఆ డబ్బాలోంచి పైకి ఒక బాణం గీయండి!” అని ముగించాను. హాలంతా చప్పట్లు. ఆ ఇరవై రెండేళ్ల కుర్రవాడి మీద నాకే జాలేసి, కాస్త నవ్వూ వచ్చింది. కళ్లద్దాలు తుడుచుకుంటున్నాను. అంతలో ముందు వరుసలోంచి అక్క గొంతు, మైకు అక్కర్లేని గొంతు, లేచింది.

“ఏ సారు జెప్పిండ్రా నీకు? గా గడియారం సారు గప్పుడు జరమొచ్చి దవాఖానల ఉండె. పొద్దుగాల బర్రెను పిండుకుంట నేను జూసిన. నువ్వొక్కనివే అచ్చి పీకినవ్, నువ్వొక్కనివే పాతినవ్. గందుకే గా దినం ఆఫీసరు ముంగట అడిగిన, గప్పుడన్న నిజం చెప్తవేమోనని.”