అమ్మ చేతులతో ఏరినవి

ఆమెను అందరూ పిల్లలక్క అనేవారు. కొత్తగా ఆ పేరు విన్నవాళ్ళు బడిలో టీచరేమో అనుకునేవారు. కొందరైతే ఇంటినిండా సంతానం ఉందనుకుని "ఎంతమందమ్మా నీకు?" అని అడిగేవారు. ఉన్నది ఒక్కతే కూతురు. ఆ పేరు కోడిపిల్లల వల్ల వచ్చింది. గుడ్లు పొదిగించే కంపెనీలో, గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చి పూటైనా గడవని పిల్లల్ని చేతిలోకి తీసుకుని, ఇది పెట్ట, ఇది పుంజు అని విడదీయడం ఆమె పని.

చూడటానికి సులువుగా కనిపించేది కానీ ఆ పని అందరికీ పట్టుబడేది కాదు. పిల్లని గుప్పిట్లో ఒదిగేలా పట్టుకోవాలి. బొటనవేలితో కడుపు కింద మెత్తగా నొక్కి, తోక కింద దీపపు వెలుగులో చూడాలి. అక్కడ ఆవగింజలో సగమంత బొడిపె కనిపిస్తే పుంజు, లేకపోతే పెట్ట. పెట్టలు ఎడమ పక్క పెట్టెలోకి వెళ్ళేవి. పుంజులు కుడి పక్కనున్న బెల్టు మీద పడేవి. గుడ్ల కోసం పెంచే జాతి అది. ఆ జాతిలో పుంజు పుడితే గుడ్డు పెట్టదు, కూరకి సరిపడా ఒళ్ళు చెయ్యదు. ఎవరికీ అక్కర్లేని ప్రాణి. బెల్టు వాటిని మోసుకుంటూ పోయి, గోడలోని కన్నానికి వేలాడదీసిన నల్లటి రబ్బరు తెరలోంచి అవతలి గదిలోకి తీసుకుపోయేది. ఆ గదిలోంచి ఎప్పుడూ ఒక మనిషి ఈల వినిపించేది. ఆయన్ని ఈలన్న అనేవారు.

పని నేర్పింది అప్పటికే ఆ కంపెనీలో చేస్తున్న ఆమె పిన్ని. మొదటి రోజే చెప్పింది, "మొహం చూడకే. నువ్వు చూడాల్సింది తోక కిందే" అని. పిల్లలక్క ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. కొన్నాళ్ళకి ఆమె చేతులు ఎలా తయారయ్యాయంటే, మిషనైనా మధ్యలో మొరాయిస్తుందేమో గానీ పిల్లలక్క ఆగదని సూపర్‌వైజరే అనేవాడు. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే, ఇంట్లో పొయ్యి కట్టేశానా లేదా అని ఆలోచిస్తూనే, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. రోజూ భోజనం గంటకి ముందు, ఒక్క పుంజుని ఆమె ఎడమ పక్కకి వేసేది. తెలిసే వేసేది. కూతురు కడుపులో ఉన్న రోజుల్లో మొదలైంది ఆ అలవాటు. ఎందుకు మొదలైందో ఆమె కూడా చెప్పలేకపోయేది. ఆ ఒక్కటీ వేశాక చేతులు కడుక్కుని, డబ్బా మూత తీసి, అన్నం తినగలిగేది. ఇవాళ్టికి ఒకటి బతికిందిలే అనుకునేది. కూతురు పుట్టింది, భర్త జబ్బు చేసి పోయాడు, కూతురు పెద్దదైంది. ఆ అలవాటు మాత్రం పోలేదు.

కూతురు కాలేజీలో చేరిన ఏడే పాలు, పెరుగు, గుడ్లు, మాంసం అన్నీ మానేసింది. వీగన్ అంది. అప్పటికి ఆ మాట వీధిలో ఇంకెవరికీ తెలియదు. తేనె కూడా ముట్టదని తెలిసి పిల్లలక్కకి ఒళ్ళు మండిపోయింది.

"ఏం తిని బతుకుతావే? గడ్డా?"

"చాలా ఉన్నాయమ్మా. పప్పులు, గింజలు, కూరలు, పళ్ళు."

"ఇన్నాళ్ళూ నువ్వు తిన్న తిండి ఎక్కడిదనుకున్నావు? నీ ఫీజులు ఎక్కడివి?"

"తెలుసు," అంది కూతురు. "తెలుసు కాబట్టే."

ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసు ఎత్తలేదు. రెండు గిన్నెల్లో వేరువేరుగా వండుకునేవారు. అంత చిన్న వంటింట్లో ఒకరికొకరు తగలకుండా ఎలా తిరిగేవారో వాళ్ళకే తెలియాలి.

కొన్నేళ్ళకి కంపెనీలోకి కొత్త మిషను వచ్చింది. గుడ్డు గుడ్డుగా ఉండగానే లోపల ఉన్నది ఏదో చెప్పేస్తుందట. బల్ల దగ్గర కూర్చునేవాళ్ళందరికీ ఒకేరోజు సెలవు చెప్పారు. పిల్లలక్క ఇంటికొచ్చి మంచం మీద కూర్చుంది. పని పోయిందన్న దిగులు కన్నా, ఇక రోజుకొకటి చొప్పున బతికించేది ఎవరన్న ఆలోచనే ఆమెను ఎక్కువ తొలిచింది.

అప్పటికే కూతురు చిన్న వ్యాపారం మొదలుపెట్టింది. పాత కారు షెడ్డు ఒకటి అద్దెకి తీసుకుని, గోడలకి సున్నం కొట్టించి, తిరిగే డ్రమ్ములాంటి వేపుడు మిషను ఒకటి పెట్టింది. నూనె లేకుండా వేయించిన తెల్ల శనగలు, గుమ్మడి గింజలు, ఖర్జూరం ముద్దలు, బీట్‌రూట్ చిప్స్. ఒకప్పుడు గడ్డి తిండి అని నవ్వినవాళ్ళే ఇప్పుడు వెతుక్కుంటూ వచ్చేవారు. జిమ్‌లకీ, ఆఫీసులకీ పెట్టెలు పెట్టెలుగా వెళ్ళేవి. చేతులు చాలక కూతురే అడిగింది, "వస్తావా అమ్మా?" అని. పిల్లలక్క వెళ్ళింది. ఇంతకాలం ఎడమొహం పెడమొహంగా ఉన్న కూతురు అడగడమే ఆమెకి పండగలా అనిపించింది.

ఆమెకి ఇచ్చిన పని శనగలు ఏరడం. వేగిన శనగలు బల్ల మీదికి వస్తాయి. మాడినవీ, ముక్కలైనవీ తీసెయ్యాలి. అంతే. మొదట్లో హాయిగానే ఉంది. కిటికీలోంచి ఎండ పడేది, కూతురు ఫోన్లు మాట్లాడుతుండేది, షెడ్డంతా వేగిన వాసన కమ్మగా ఉండేది.

ఒకరోజు డ్రమ్ములోంచి కాసేపటి కిందే దించిన శనగల్ని తొందరలో గుప్పెడు చేతిలోకి తీసుకుంది. ఆ వెచ్చదనం ఆమెకి తెలిసిన వెచ్చదనమే. చెయ్యి కాలేంత వేడి కాదు, చల్లారినదీ కాదు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ప్రాణి ఎంత వెచ్చగా ఉంటుందో సరిగ్గా అంత. ఆమె బొటనవేలు దానంతటదే వంగి, శనగ గింజ కింద మెత్తగా నొక్కింది.

ఆ రోజు నుంచీ మొదలైంది. డ్రమ్ము వేగంగా తిరుగుతున్నంతసేపూ ఏమీ ఉండేది కాదు. స్విచ్ కట్టేశాక, అది నెమ్మదించి ఆగబోయే ముందు, లోపల నుంచి సన్నగా కిచకిచలు వినిపించేవి. ముందు ఇరుసుకి నూనె కావాలేమో అనుకుంది. తనే నూనె వేసింది. అయినా వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఆగిపోయేది. బల్లకేసి తిరిగితే వీపు వెనకాల మళ్ళీ మొదలయ్యేది. కూతుర్ని అడగడానికి నోరు రాలేదు.

ఒక సాయంత్రం కూతురు చెత్తబుట్ట పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఇవన్నీ బాగున్నవే కదా. ఎందుకు పారేశావు?"

పిల్లలక్క బుట్టలోకి చూసింది. నిజమే. మాడినది ఒక్కటీ లేదు. బంగారు రంగులో నిగనిగలాడుతున్న శనగలతో బుట్ట సగం నిండి ఉంది. అన్నీ కుడిచేతి పక్కనున్న బుట్టలోనే.

"ఏమోనే. చెయ్యి వేసేసింది," అంది.

అలసిపోయి ఉంటుందనుకుంది కూతురు. పైగా అమ్మని సంతోషపెట్టాలని ఆమెకో ఆలోచన వచ్చింది. కొత్త పొట్లాల మీద ఆకుపచ్చ అక్షరాలతో అచ్చు వేయించి తెచ్చి, ఆశ్చర్యపోతుందని ముందు పెట్టింది. "అమ్మ చేతులతో ఏరినవి" అని ఉంది వాటి మీద. పిల్లలక్క ఆ పొట్లాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, బాగుందంది. ఇక రోజంతా ఆ అక్షరాలే కళ్ళెదుట. ఏ మూల చూసినా అవే పేర్చి ఉండేవి.

ఆ ఏడాది మొక్కల తిండి మీద పెద్ద ప్రదర్శన ఒకటి పెట్టారు. పాలు కాని పాలు, జున్ను కాని జున్ను, గుడ్డు లేని కేకులు. జనం విరగబడి వచ్చారు. కూతురు దుకాణం ముందు కూడా వరస కట్టారు. పిల్లలక్క పొట్లాలు అందిస్తుంటే, వరసలోంచి ఒక ముసలాయన పొట్లం తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి, తలెత్తి చూశాడు.

"అమ్మ చేతులతో ఏరినవి," అన్నాడు. "ఈ చేతులు నాకు తెలుసే!"

ఈలన్న. చిక్కిపోయాడు. గుండెకి మంచిదని డాక్టరు ఇలాంటివి తినమన్నాడట. మనవరాలు పట్టుకుని లాక్కొచ్చిందట.

"అటు పక్క కోడి లేని కోడి ముక్కలు అమ్ముతున్నారు చెల్లెమ్మా. ఈ ముక్క మన కంపెనీవాళ్ళకి ముందే తట్టుంటే మనిద్దరికీ పనే ఉండేది కాదు," అని పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. వరసలోంచి పక్కకి జరిగి, గొంతు తగ్గించి, చాలాకాలంగా దాచుకున్న మంచి కబురు చెబుతున్నట్టు అన్నాడు.

"నీకో సంగతి తెలుసా? నీ పెట్టెల్లో రోజూ ఒక పుంజు వచ్చేది. ఎంత పనిమంతులైనా ఒక్కటి తప్పుతుంది కదా. పెంచే షెడ్డులో పెట్టల మధ్య పెరిగేవి. నెత్తిన జుట్టు ఎర్రబడ్డాక తెలిసిపోయేది. వాటిని ఏరి బుట్టలో వేసి నా దగ్గరికే పంపేవాళ్ళు. ఒక్కో బల్ల పిల్లల్ని ఒక్కో గదిలో పెంచేవాళ్ళు కదా, ఏ బల్లవో రాయమనేవారు. నేను ఒక్కసారి కూడా నీ బల్ల పేరు చెప్పలేదు. చెబితే నీ జీతంలో కోసేవాళ్ళు."

పిల్లలక్క చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. ఆయన మనవరాలు పిలుస్తోందంటూ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు, "ఉంటా చెల్లెమ్మా, ఆరోగ్యం జాగ్రత్త" అన్నాడు ఎంతో ప్రేమగా.

మర్నాడు ఆమె బల్ల ముందు కూర్చుంది గానీ చేతులు కదల్లేదు. శనగలు కుప్పగా పోగుపడ్డాయి. ఒంట్లో బాగాలేదని చెప్పి బయటికి వచ్చి, పాత స్నేహితుల్ని అడిగి ఈలన్న ఇల్లు కనుక్కుని వెళ్ళింది. ఆయన గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎండ కాచుకుంటున్నాడు. ఆమెకి ఇంకో కుర్చీ వేయించాడు.

"అన్నా, ఆ తెర వెనకాల ఏముండేదో చెప్పు," అంది ఆమె.

"ఇప్పుడెందుకమ్మా?"

"నేను ఎప్పుడూ చూడలేదు. అన్నేళ్ళు కూర్చున్నాను, ఒక్కసారి తెర ఎత్తి చూడలేదు."

ఆయన చెప్పాడు. బెల్టు ఎక్కడ ఆగుతుందో, కింద ఏ మిషను ఉంటుందో, తను ఏ మీట నొక్కేవాడో చెప్పాడు. ఎంతోసేపు పట్టదని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఆమె అంతా విన్నాక అడిగింది, "మరి పెద్దవి? బుట్టలో వచ్చేవి?"

ఈలన్న కుర్చీ చేతిని గోటితో గీరాడు. చివరికి, "అవి మిషనులో పట్టేవి కాదు. చేత్తోనే," అన్నాడు. "అవే కష్టంగా ఉండేవి. పొద్దున్నే ఆ షెడ్డులో మేత వేసేది కూడా నేనే కదా. నన్ను చూడగానే గింజలు తెచ్చాననుకుని కాళ్ళ దగ్గరికి పరిగెత్తుకొచ్చేవి."

పిల్లలక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను తెలిసే వేసేదాన్ని అన్నా. పొరపాటు కాదు. బతుకుతాయనుకున్నాను."

ఆయన ఆమెకేసి చూసి, తల దించుకున్నాడు.

"కొన్ని వారాలు బతికాయి," అన్నాడు. "గింజలు తిన్నాయి. రెక్కలు ఆడించాయి. ఒకదాన్నొకటి పొడుచుకుని కొట్టుకున్నాయి. నేను చూశాను. అది మంచో చెడో నాకు తెలియదు చెల్లెమ్మా. నన్నడగకు."

"ఈల ఎందుకు వేసేవాడివి?"

"వినపడకుండా. ఇప్పుడు మానేశాను. ఈల వేస్తే దాని వెంటే ఆ చప్పుడూ వస్తోంది."

ఆమెకి ప్రాణం లేచి వచ్చినట్టయింది, అంతలోనే మళ్ళీ కుంగింది. "నీకూ వినిపిస్తుందా?" అంది. ఆయన తల ఊపాడు.

ఇంటికి కాకుండా నేరుగా షెడ్డుకే వెళ్ళింది పిల్లలక్క. కూతురు పెట్టెలకి టేపు అంటిస్తోంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పింది. బల్ల, బెల్టు, తెర, రోజుకొకటి ఎడమ పక్కకి వేయడం, అవి ఏమయ్యాయో, శనగల వెచ్చదనం, డ్రమ్ములో కిచకిచలు. కూతురు టేపు పక్కన పెట్టేసి వింది. చివర్లో అంది, "చిన్నప్పుడు నువ్వు అన్నం కలిపి పెడుతుంటే నీ చేతుల్లో ఒక వాసన వచ్చేదమ్మా. సబ్బుతో ఎంత కడిగినా పోయేది కాదు. అది నాకు ఇష్టంగా ఉండేది. ఏ వాసనో తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. నీ మీద కోపమొచ్చి కాదు. ఇష్టపడ్డందుకు."

ఇద్దరూ ఏడ్చారు. కాసేపయ్యాక కూతురు లేచి, "ఆ పొట్లాలు మార్పించేస్తాను," అంది.

"మార్పించెయ్యి," అంది తల్లి. "నేనిక ఏరలేను."

ఏరడానికి జల్లెడ మిషను ఒకటి కొన్నారు. పిల్లలక్క ఇప్పుడు ఖర్జూరం, గింజలు కలిపి ముద్దలు కడుతోంది. వ్యాపారం పెరిగింది. దాన్ని చూసి అలాంటివే ఇంకో రెండు మూడు పుట్టుకొచ్చాయి. ఆమె గుడ్లూ పాలూ మానేసిందా అని అడుగుతారు కొందరు. మానేసింది, కానీ దాని గురించి మాట్లాడదు. ఎప్పుడైనా ఈలన్నకి ఒక పొట్లం పంపుతుంది. కిచకిచలు పోలేదు. ఇదివరకు వీపు వెనకాల వినిపించేవి, ఇప్పుడు డ్రమ్ము తిరుగుతుండగానే ఎదురుగా వినిపిస్తున్నాయి. కూతురు ఆమె మొహం చూసి పోల్చుకుంటుంది.

"వస్తోందా అమ్మా?"

"ఊఁ."

"స్విచ్ కట్టెయ్యనా?"

పిల్లలక్క ముద్ద చేస్తున్న చేతులు ఆపి, డ్రమ్ముకేసి చూస్తుంది.

"వద్దులే. పచ్చిగా ఉండిపోతాయి. ఇంకాస్త వేగనీ."