ముందు నీళ్ళలో వేద్దాం

ఏ వస్తువునైనా నీళ్ళలో ముంచి చూస్తే తప్ప మా నాన్నకు దానిమీద నమ్మకం కుదిరేది కాదు. చేతి గడియారం, చెప్పుల జత, నా కొత్త పెన్ను, అమ్మ తోలు సంచి, ఏదైనా సరే ఇంట్లోకి రాగానే ముందు స్నానాలగదిలోని తొట్టిలోకి వెళ్ళాలి. అక్కడ బతికి బట్టకడితేనే అలమారలో చోటు. మా ఇంట్లో వస్తువులు రెండే రకాలు: ఈదినవి, పోయినవి.

"పెళ్ళైన వారానికే మీ నాన్న నన్ను సముద్రానికి తీసుకెళ్ళారు. తేలాను కాబట్టి ఉంచుకున్నారు," అనేది అమ్మ.

"తేలలేదు. నేను పట్టుకున్నాను," అనేవాడు నాన్న, పేపరు వెనకనుంచి.

పిచ్చికి తగ్గ ఉద్యోగమే దొరికింది ఆయనకు. నౌకాదళంలో జరిగే శాస్త్ర పరిశోధనలన్నిటికీ ఆయనే పైఅధికారి. భుజాలమీద బంగారు పట్టీలు, చేతికింద వందలమంది శాస్త్రవేత్తలు, ఆఫీసు వెనక ఒక వీధి పొడవున పరీక్ష తొట్టి. ఎవరో ఒక శాస్త్రవేత్త వచ్చి, గోడనిండా గీతలు గీసి, గొంతు ఆరిపోయేదాకా వివరించేవాడు. నాన్న కళ్ళు మూసుకుని అంతా విని, చివర ఒకే ప్రశ్న అడిగేవాడు.

"బాగుందయ్యా. తొట్టిలో వేశావా?"

"ఇంకా లేదు సార్. లెక్కల ప్రకారం అయితే..."

"లెక్కల ప్రకారం అయితే ఇనపదిమ్మ కూడా తేలుతుంది. పద."

ఒకసారి తనిఖీకి వచ్చిన మంత్రిగారు తన గడియారం నీళ్ళలో కూడా నడుస్తుందని గొప్పలు పోయారట. ఆ మాట పూర్తయ్యేసరికి ఆయన మణికట్టు బోసిగా ఉందట. ఆ తర్వాత గడియారం అద్దం వెనక ఒక చేపపిల్ల ముల్లుతో పాటు తిరిగేదని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆ తొట్టిలో అసలు చేపలే ఉండవు. అయినా అందరూ నమ్మారు. నాన్న సంగతి అలాంటిది మరి.

ఆయన దగ్గరికి ఒకరోజు టైలరు మాస్టారు వచ్చాడు. ఆఫీసర్ల యూనిఫాంలు కుట్టీ కుట్టీ విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. భార్య పోయాక, ఖాళీగా ఉండలేక ఒక కోటు కుట్టాడు. లోపలి గుడ్డకూ పై గుడ్డకూ మధ్య చిన్న చిన్న గాలి సంచులు. నావికుడు నీళ్ళలో పడితే కోటే తేల్చాలి.

నాన్న కింది అధికారి తల పట్టుకున్నాడు. "సార్, ఇంతకంటే మంచివి మన గోదాముల్లో మూలుగుతున్నాయి. ఆ ముక్క ఆయనకు చెప్పేస్తే సరిపోతుంది."

"సరే, నువ్వే చెప్పు."

కింది అధికారి చకచకా బయటికి వెళ్ళి, వరండాలో కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మాస్టారి మొహం చూసి, అంతే చకచకా తిరిగొచ్చాడు.

"తొట్టిలో వేద్దాం సార్."

వేశారు. మునిగింది.

"మునిగింది మాస్టారూ," అన్నాడు నాన్న.

"మునిగింది సార్."

"ఎక్కడ నీళ్ళు పడుతున్నాయో చూసుకుని వచ్చే నెల తీసుకురండి."

ఆ 'వచ్చే నెల' ఏళ్ళ తరబడి సాగింది. ఈలోగా అమ్మ పోయింది. నాన్న పదవీ విరమణ చేశాడు. వీధి పొడవు తొట్టి పోయి, స్నానాలగది తొట్టి ఒక్కటే మిగిలింది. తెల్లారితే మోగే ఫోను మోగడం మానేసింది. పాడైందేమోనని నాన్న మాటిమాటికీ ఎత్తి చెవి దగ్గర పెట్టుకునేవాడు. దాన్ని మాత్రం నీళ్ళలో వేయలేదు. వేసుంటే మోగకపోవడానికి ఒక కారణమైనా ఉండేది.

నేను కాలేజీలో పాఠాలు చెప్పి సాయంత్రం ఇంటికొచ్చేసరికి, ఉదయం నేను ఫోను దగ్గరికి జరిపి వెళ్ళిన కుర్చీలోనే ఉండేవాడు. కానీ మాస్టారు వచ్చే రోజు వేరు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తొట్టి నింపి కూర్చునేవాడు.

"ఈసారి మైనం రెండు పూతలు వేశాను సార్."

"వేస్తే వేశారు. ఆ కాలరేమిటి అలా ఉంది?"

"మేడంగారు ఉన్న రోజుల్లో ఇలా కుట్టమన్నారు సార్."

"ఆవిడ చెప్పినట్టు కుడితే తేలినట్టే!"

నాన్న కోటు అందుకుని స్నానాలగదిలోకి వెళ్ళేవాడు. ఆ పైన బుడుంగుమని చప్పుడు. "మునిగింది మాస్టారూ!" నెల మొత్తంమీద మా ఇంట్లో వినిపించే హుషారైన గొంతు అదొక్కటే.

"మునిగినందుకు అంత సంతోషమా నాన్నా?"

"పరీక్ష అన్నాక ఫలితం రావాలి కదమ్మా."

నాన్న బల్లమీద, కాగితాలు ఎగరకుండా పెట్టుకునే ఇత్తడి లంగరు ఒకటుండేది. పిడికెడంతే గానీ మహా బరువు. ఎంత తోమినా దానికి పచ్చగా చిలుము పట్టేది. "ఇదెందుకు తడుస్తోంది నాన్నా?" అని విసుక్కుంటే, "లంగరు తడవక ఏమవుతుందమ్మా?" అనేవాడు.

నిరుడు చలికాలంలో నాన్న పోయాడు. బల్లమీద కాగితాలు ఎగిరిపోతుంటే లంగరు కోసం వెతికాను. కనబడలేదు. "నాన్నా, లంగరేదీ?" అని కేకేసి, జవాబు కోసం ఒక క్షణం ఆగాను కూడా.

కొన్నాళ్ళకు మాస్టారు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నా కోటు సార్ దగ్గర ఉండిపోయిందమ్మాయీ. తీసుకుపోదామని. ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను."

కోటు స్నానాలగదిలో కొక్కేనికే వేలాడుతోంది. మాస్టారు దాన్ని చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"సార్‌కి చెప్పని మాట ఒకటుంది. ఈ కోటు ఎప్పుడో తేలాల్సిందమ్మా. ప్రతిసారీ చంక కింద నాలుగు కుట్లు వదిలేసేవాణ్ణి."

"ఎందుకు బాబాయ్?"

"తేలితే ఇంక ఏ వంక పెట్టుకుని రాను? మేడంగారు పోయాక సార్‌కి పగలంతా పలకరించే దిక్కు లేదు. నా ఇంట్లో మాత్రం ఎవరున్నారు?" అంటూ కోటు తీశాడు. చేయి కిందికి జారింది. "ఇదేమిటి, ఇంకా ఆరలేదా? ఇంత బరువుంది!"

లోపలి జేబులో చేయి పెట్టాడు. ఇత్తడి లంగరు బయటికొచ్చింది.

ఇద్దరం దానివంక చూశాం.

"సార్ కూడానా?" అన్నాడు మాస్టారు. "ఎన్నాళ్ళనుంచి?"

"చిలుము చూస్తే, మొదటినుంచీనే అనిపిస్తోంది."

మాస్టారు తొట్టి గట్టుమీద కూలబడి పకపకా నవ్వాడు. "అందుకా! ఒక నెల కుట్లు వదలడం మరిచిపోయానమ్మా. దారంతా భయం, తేలిపోతుందేమోనని. తీరా వేస్తే రాయిలా మునిగింది! నా పనితనం మీద నాకే అసహ్యం వేసి వారం రోజులు సూది పట్టలేదు!"

నవ్వు అయిపోయాక కోటు మడత పెట్టసాగాడు. మెల్లగా, చేతులతో ఇస్త్రీ చేస్తున్నట్టు. ఆ మడత పూర్తయితే ఇంట్లో ఇంక చప్పుడు ఉండదని నాకు తెలుసు.

కోటు అందుకున్నాను. లంగరు మళ్ళీ జేబులో వేశాను. కుళాయి తిప్పి, తొట్టి నిండాక అందులో వదిలాను. బుడుంగుమంది.

"మునిగింది మాస్టారూ," అన్నాను. "ఎక్కడ నీళ్ళు పడుతున్నాయో చూసుకుని వచ్చే నెల తీసుకురండి."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, తొట్టిలోకి వంగి చాలాసేపు పరీక్షగా చూశాడు.

"జేబు దగ్గరనుకుంటానమ్మా," అన్నాడు గంభీరంగా.