మండుటెండలో మఫ్లరు

ఏళ్ల తరబడి ఒక బరువు మోస్తున్నాను. తూకం వేస్తే పావుకిలో కూడా ఉండదు. అది నా మఫ్లరు. ప్రొద్దుటూరు ఎండలకు మనుషులు చొక్కా కూడా భారమని విప్పేసే వేళ, నేను మెడకు మఫ్లరు చుట్టుకుని తిరుగుతాను. గొంతు పోయిందని అందరితో చెప్పాను. నవ్వకండి, నా గొంతుకు ఏ రోగమూ లేదు. ఈ మాట చెప్పడం మీకే మొదలు.

మాది రాజుపాలెం దగ్గర చెక్కభజన జట్టు. అడుగులు నేర్పేది నేను. గజ్జె కట్టి ఎగిరితే దుమ్ము లేచేది, అది మాత్రం అబద్ధం కాదు. పాటే రాదు. పాట పక్క ఊళ్లో ఉండేది, నా చిన్ననాటి స్నేహితుడి గొంతులో. బీళ్లలో గొర్రెలు మేపుతూ కలిసి పెరిగాం. తర్వాత రెండూళ్లూ రెండు పార్టీలయ్యాయి. ఆ ఊరివాడితో మాట్లాడితే ఈ ఊళ్లో బతకనిచ్చేవాళ్లు కారు.

అయినా ప్రొద్దుటూరులో క్యాసెట్ల అంగడాయన మా పాటలు రికార్డు చేస్తానంటే, వాడు వేరే బస్సెక్కి వచ్చాడు. అంగడి వెనక గదిలో కళ్లు మూసుకుని పాడాడు. మేం చెక్కలు కొట్టడం మరిచి వింటుంటే అంగడాయన తిట్టి, మళ్లీ మొదలుపెట్టించాడు. ప్రాణభయంతో తన పేరు వేయొద్దన్నాడు. జట్టంతా నోరు విప్పబోమని ఒట్టేశాం. అందుకే అట్ట మీద నా ఫొటో, నా పేరు. అక్కడిదాకా నేను మంచివాడినే.

ఆ క్యాసెట్టు జమ్మలమడుగు టీ అంగళ్లలో పొద్దస్తమానం మోగింది. కొన్నేళ్లకు నాయకులు రాజీపడి వియ్యమందుకున్నారు. రెండూళ్లూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేశాయి. మళ్లీ క్యాసెట్లు వేస్తూ, అట్ట మీద పేరు మార్చాలా అని అంగడాయన అడిగాడు. అక్కర్లేదన్నాను. ఎందుకలా అన్నాను? భయమా? కాదు, భయం ఎప్పుడో తీరిపోయింది. అప్పటికే పెళ్లిళ్లలో నాకు ముందువరసలో కుర్చీ వేస్తున్నారు, ఆ కుర్చీ రుచి మరిగాను.

పులివెందుల మీటింగులో పాడమని పార్టీవాళ్లు కబురు పెట్టిన రోజే మఫ్లరు కొన్నాను. అప్పటినుంచీ ఎవరింటికి పోయినా కాఫీ లేదు, మిరియాల కషాయమే.

మొన్న వేసవిలో వాడు మా ఇంటికి వచ్చాడు. ఒక చేతిలో తేనె సీసా, ఇంకో చేతిలో మనవరాలి చెయ్యి. వయసు మీదపడి వాడి గొంతు నిజంగానే బొంగురుపోయింది.

"మామా, ఈ పిల్ల నమ్మడంల్యా. ఆ పాట నేనే పాడినానంటే నవ్వుతాంది. నువ్వొక మాట చెప్పు."

పిల్ల కళ్లింత చేసుకుని నన్నే చూస్తోంది. నేను దగ్గాను. మఫ్లరు సర్దుకున్నాను.

వాడు తేనె సీసా నా చేతిలో పెట్టాడు. "పోనీలే మామా. గొంతు బాగైనాక చెబుదువులే."

వాడికి తెలుసా? తెలిస్తే తేనె ఎందుకు తెచ్చినట్టు? సిగ్గుతో చచ్చిపోయాను. తేనె మాత్రం వదల్లేదు, శానా బాగుంది.

ఈ ఉదయం మఫ్లరు విప్పి దండెం మీద వేశాను. మెడకు గాలి తగిలి హాయిగా ఉంది. క్షమించమని వాడిని అడగను, ఆ పని కూడా వాడి నెత్తినే పెట్టలేను. గొంతు బాగైంది, అంతే.

అమ్మాయ్, ఆ పాట పాడింది మీ తాత ఓబులేసు.