తెలుగు అక్షరాల్లో టర్కీ జాబులు

ఫిర్దోస్ ఐదేళ్లు కువైట్‌లో ఒక టర్కీ ఇంజనీరు ఇంట్లో వంట చేసి, వాళ్ల పాప ఎలిఫ్‌ను పెంచింది. తొంభైలో యుద్ధం ముంచుకొచ్చేసరికి వాళ్లు సెలవులకని అంకారాలో ఉన్నారు. ఈమె కట్టుబట్టలతో జోర్డాన్ మీదుగా ఉదయగిరి చేరింది. మొగుడు అప్పటికే మర్రిపాడులో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఇక మిగిలింది అన్న ఇల్లు, అన్న చెక్కిన చెక్క గంటెలకు ఉప్పుకాగితం రుద్దే పని, వదిన మస్తాన్‌బీ పెట్టే మెతుకులు. దాటిపోవడానికి ఒకటే దారి: సెలవులకు పోతూ ఇంజనీరు భార్య, మేడమ్, ఈమె చేతిలో పెట్టిన అంకారా అడ్రసు చీటీ. ఏమన్నా అయితే జాబు రాయి, పిలిపించుకుంటాం అని మాటిచ్చింది.

రాసింది. చదివింది తెలుగు బడిలో ఐదో తరగతి. టర్కీ భాష చెవితో నేర్చిందే గాని కంటితో చూడలేదు. అయినా పరాయిదనిపించలేదు. మన మాటలాగే క్రియ చివర్లో వస్తుంది. తోకలన్నీ మాట వెనకే తగులుకుంటాయి. అన్నె అంటే అమ్మ, అన్నెమ్ మా అమ్మ, అన్నెన్ మీ అమ్మ. ఎవ్ ఇల్లు, ఎవ్‌దె ఇంట్లో. బాబా నాయన, అబ్లా అక్క, తెయ్‌జె పిన్నమ్మ. ఎలిఫ్ ఈమెను తెయ్‌జెమ్ అని పిలిచేది. మరిచిపోతానేమోనని ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుని, గంటెలు రుద్దుతూ వల్లించేది.

"అమ్మను పట్టుకుని అన్నె అంటారా? ఏం మనుషులే వాళ్లు," అనేది మస్తాన్‌బీ. "పిలిచేవోళ్లయితే ఈపాటికి పిలవరా? ఆ గంటెలు తొందరగా కానీ."

మూడేళ్లలో ఐదు జాబులు పోయాయి. ఆరోది పోస్టాఫీసులో అతికించబోతుంటే, స్టాంపులకు వచ్చిన డేవిడ్‌రాజు మాస్టారు కంట పడింది.

"ఏందమ్మా ఇది? తెలుగేనా? ఒక్క ముక్కా అర్థం కాలా."

"టర్కీ సార్. వాళ్ల మాటే రాసినాను."

"మాట వాళ్లదే. అక్షరాలు మనవి గదా. చదివేదెవురు?"

ఫిర్దోస్ ఆ నీలం జాబును తిప్పి అడ్రసు వైపు చూపించింది.

"పైన అడ్రసు చీటీ చూసి దించినాను సార్. లోపల వాళ్ల మాటే గదా, చదువుకుంటారులే అనుకున్నా."

"ముందువి గూడా ఇట్నేనా?"

"ఐదూ."

"పోనీ, నేను ఇంగ్లీషులో రాసిస్తాలే."

"మేడమ్‌కు ఇంగ్లీషు రాదు సార్. వాళ్ల మాట రాసేదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే గదా, అవి నాకు నేర్పీయండి."

ఆరు నెలలు పట్టింది. ముప్పై రెండేళ్ల మనిషి మాస్టారి అరుగు మీద పలకతో కూర్చుంటే వీధి వీధంతా నవ్వింది. తొంభై నాలుగు వేసవిలో, ఇంగ్లీషు అక్షరాల్లో, తనే రాసిన జాబు వెళ్లింది. మూడు నెలలకు విప్పకుండానే తిరిగొచ్చింది. దాని మీద ఎవరో ఎర్ర సిరాతో ఒక్క మాట గీకారు.

"ఏమని ఉండాది?" అడిగాడు పోస్టుమాన్ వెంగయ్య.

ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఆ భాషలో ఆమె కళ్లతో చదివిన మొదటి మాట అదే.

"ఇల్లు మారినారంట."

"యాడికి?"

"అది రాయలా."

మొదటి ఐదు జాబులూ వెనక్కి రాలేదు. అంటే అవి చేరినప్పుడు వాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు.