పిట్టకు పెట్టిన రాతిపన్ను

నా మొగుడు పళ్ళ ఆశతో చచ్చిపోలేదు. ముందు ఈ మాట రాయమన్నాను, మిగతాది తర్వాత. నేను చదువుకున్నదాన్ని కాదు. సంతకం గీస్తాను, బస్సు నంబరు గుర్తుపడతాను, అంతే. అందుకే నోటితో చెబుతున్నాను.

మా గల్లీలో నల్లా దగ్గర నిలబడితే ఇప్పటికీ ఆ మాట నా చెవిన పడుతుంది.

"గామె మొగుడే నాయె, సముద్రం కాడ చేప పళ్ళు ఏరబోయి మట్టి కింద వడ్డడు" అంటుంది ఒకతి, కొత్తగా వచ్చిన కోడలికి నన్ను చూపిస్తూ.

"చేప పళ్ళా? గవేం జేస్కుంటరు అక్కా?"

"అమ్ముకుంటరు. ఆశ, ఇంకేంది!"

నా బిందె నిండేదాకా ఊరుకుంటాను. నిండాక చంకనెత్తుకుని అంటాను: "మీ మొగుళ్ళు తాగి సస్తరు, నా మొగుడు పనిల సచ్చిండు. పక్కకు జరుగుండ్రి, చీరలు తడుస్తయి."

మా తాతలు బొంబాయిలో ఈ కామాఠిపురకు వచ్చింది ఇళ్ళు కట్టడానికే. వాళ్ళ మనవలు ఇప్పుడు ఆఫీసుల్లో చాయ్ అందిస్తున్నారు, టాక్సీలు నడుపుతున్నారు. నా మొగుడు మాత్రం తాపీ వదల్లేదు. నేను ఇసుక జల్లించేదాన్ని. మా మేస్త్రీ ఎవరో కాదు, నా మొగుడికి సొంత మేనమామ. ఫోరస్ రోడ్డు అవతల ఉంటాడు. మేముండే వరస గదుల చాల్ నుంచి కొందరిని, పాలమూరు నుంచి వచ్చి నాకా మీద, కూలీల అడ్డాలో, నిలబడేవాళ్ళని కొందరిని జమచేసి ఎక్కడ పనుంటే అక్కడికి తోలుకుపోతాడు. ఆయన పిలిస్తే పొయ్యి వెలుగుతుంది, పిలవకపోతే లేదు. అందుకే ఆయన ముందు ఎవరూ నోరెత్తరు.

నా మొగుడు పోయిన ఏడు మమ్మల్ని గుజరాత్‌లో కచ్ వైపు తోలుకుపోయాడు. సముద్రం ఒడ్డున ఎవరో బొంబాయి శేట్ బంగ్లా కడుతున్నాడు. ఎత్తైన మట్టిగట్టు, దాని మీద బంగ్లా, గట్టు కింద బీచ్. మేము టార్పాలిన్ పట్టాలు కట్టుకుని గుడిసెల్లో ఉన్నాం. బిడ్డకు బడి ఉందని మా అమ్మ దగ్గర, బొంబాయిలో మా ఒంటిగది ఖోలీలోనే వదిలిపోయాం.

ఇసుక పక్క వాగు నుంచి వచ్చేది. జల్లెడను మంచంలాగా ఏటవాలుగా నిలబెట్టి పారతో ఇసుక కొడితే సన్నది వెనక్కి పోతుంది, ముతకది ముందుకు జారి నా కాళ్ళ దగ్గర పడుతుంది. ఆ ముతకలో గవ్వలు, గులకరాళ్ళు, వాటి మధ్యలో పళ్ళు. మూడు మూలలు, నున్నటి మెరుపు, కొన్ని నీలంగా, కొన్ని బెల్లం రంగులో. అంచు మీద వేలు రాస్తే కక్కు కొడవలి లాగా గరగరలాడేది. సొరచేప పళ్ళు అని, ఆ చేప ఎప్పటి కాలందో, పన్ను పన్ను రాయి అయిపోయిందని శేట్ మనుషులు చెప్పారు. మేము రాతిపళ్ళు అనేవాళ్ళం.

మొదట్లో ఒకటి దొరికితే నా మొగుడికి చూపించాను. ఆయన పొగాకు ఇంకో దవడకు మార్చుకుని అన్నాడు: "నా పళ్ళే ఊసిపోవట్టె, సచ్చిన చేప పళ్ళు నాకెందుకే?" తీసుకుని కాంక్రీట్లో విసిరాడు. ఆ శేట్ బంగ్లా పునాదిలో ఎన్ని పళ్ళున్నాయో ఆ చేపకే తెలియాలి. ఏరి దాచేది మేస్త్రీ. శేట్ దోస్తులు బీచ్ మీద చిన్నపిల్లల్లా వంగి వంగి వెతికేవాళ్ళు, దొరక్కపోతే మొహాలు మాడ్చుకునేవాళ్ళు. వాళ్ళ ముందు చొక్కా జేబులోంచి ఒకటి తీసి పెట్టడం మేస్త్రీకి సంబరం.

ఆ పొద్దున నేను చాయ్ కాస్తున్నాను. పక్కనే మా చాల్ పెద్దమ్మ రొట్టెలు కొడుతోంది. మేస్త్రీ వచ్చి నా మొగుడి పక్కన కూర్చున్నాడు.

"అల్లుడా, మధ్యాన్నం శేట్ దోస్తులు వస్తున్నరు. పెద్ద పన్ను గావాల్నట, అరచెయ్యంత. గట్టు అడుగున జర తవ్వి సూడు."

"సిమెంటు మాలు కలిపి పెట్టిన మామా. గట్టిపడ్తది."

"మాలు సంగతి నేను జూస్కుంట. నువ్వు గడ్డపార తీస్కపో."

"గట్టు నానున్నది మామా. రాత్రి సముద్రం నీళ్ళు దానికి తగిలి పోయినయి. అడుగున తవ్వితే మీద వడ్తది."

"అగో! మీసాలు ఎందుకు పెట్టుకున్నవురా?"

నా మొగుడు నా వైపు చూసి నవ్వాడు, మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగి గడ్డపార భుజాన వేసుకున్నాడు. గిన్నె కడగకముందే ఆ చప్పుడు విన్నాను. గోడ కూలితే వచ్చే చప్పుడు కాదు, లారీలోంచి మట్టి దింపితే వచ్చే చప్పుడు. అందరం చేతులతో తవ్వాం. బయటికి తీసేసరికి నోటి నిండా మట్టి.

పోలీసులు వచ్చినప్పుడు మేస్త్రీయే ముందు నిలబడ్డాడు. "శౌక్ సాబ్. దాంత్ కా శౌక్ థా ఉస్కో" అన్నాడు, వాడికి పళ్ళ పిచ్చి అని. నేను అడ్డం పోయి అరిచాను, కాని ఏ భాషలో అరిచానో నాకే తెలియదు. "బిచారీ, హోష్ మే నహీ హై" అని, పాపం సోయిలో లేదని చెప్పి మేస్త్రీ నన్ను పెద్దమ్మకు అప్పగించాడు. ఊరు దూరం, శవాన్ని ఎక్కించుకునే బండి లేదని అక్కడే కాల్చాం. కొడుకు లేడు కాబట్టి కొరివి కూడా మేస్త్రీయే పెట్టాడు.

మూడొద్దులకు పిట్టకు పెట్టాలి. చనిపోయినవాడు కాకి రూపంలో వచ్చి తిని పోతాడని మా నమ్మకం. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరు ముందుకొచ్చి ఆ కోరిక తీరుస్తామని మాట ఇవ్వాలి. బీచ్ మీద విస్తరి వేసి అన్నం, మటన్ కూర, కొంచెం సారా, పొగాకు పెట్టి దూరం జరిగాం. కాకులు గట్టు మీద పరంజా బొంగుల మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు.

"బిడ్డను సదివిస్త, పో" అన్నాను నేను. దిగలేదు. "నీ పెండ్లాన్ని మేం జూస్కుంటం" అన్నారు పాలమూరువాళ్ళు. దిగలేదు. ఎండ ముదిరింది. అప్పుడు మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"వాని పానం పళ్ళ మీదనే వోయింది. ఒక రాతిపన్ను తెచ్చి ఇస్తార్ల పెట్టుండ్రి, అదే వస్తది."

ఆ మాటతో నా నెత్తిన బండ పడింది. పన్ను పెట్టాక కాకి ముట్టితే ఆయన మాటే నిజమైపోతుంది, నా మొగుడు ఆశపోతుగా పోతాడు. పెట్టకపోతే ఆయన తిండి దొరకక ఆ పరాయి ఒడ్డున తిరుగుతూనే ఉంటాడు. ఎవరితో చెప్పుకోను? అందరూ అప్పటికే వంగి వెతుకుతున్నారు. నేనూ వంగాను. ఆకలితో ఉన్నవాడు నా మొగుడే కదా.

రాతిపన్ను వెతకడం అంటే ఇసుకను చూడడం కాదు. నీళ్ళు వెనక్కి పోయేటప్పుడు బరువైనవి ఒక గీతలాగా వదిలిపోతాయి, గులకరాళ్ళు, గవ్వ ముక్కలు. ఆ గీత వెంట సూర్యుణ్ణి ఎదురుగా పెట్టుకుని నడవాలి. రాయి మెరవదు, పన్ను మెరుస్తుంది. అట్లా నడిచి కూలిన గట్టు కిందికి వచ్చాను. ఆ మట్టిని సముద్రం అప్పుడే సగం కడిగేసింది. అక్కడ, నీళ్ళలో, అరచెయ్యంత పన్ను. నీలం రంగు, ఒక్క మూల కూడా విరగలేదు. శేట్ దోస్తులు కోరింది అచ్చంగా అదే.

చేతిలోకి తీసుకోలేదు. మడమతో ఇసుకలోకి తొక్కాను. ఇంకా తొక్కాను.

"దొరికిందానే?" అంది పెద్దమ్మ వెనక నుంచి.

"గవ్వ."

ఆమె నా కాలు వైపు చూసింది, తర్వాత సముద్రం వైపు చూసింది.

"పెద్దమ్మా, ఆ పొద్దు మామ పంపిన మాట నువ్వు విన్నవు గద. రొట్టె కొట్టుకుంట విన్నవు. పోయి జెప్పు."

"నాకు చెవుడు బిడ్డా" అంది. రెండు గుడిసెల అవతల మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడితే పొద్దున్నే నాకు వచ్చి చెప్పే మనిషి.

నేనే పోయి మేస్త్రీ ఎదుట నిలబడ్డాను. "మామా, పన్నెందుకు? నువ్వు నోరిప్పు. 'నేనే పంపిన' అను. ఒక్కసారి అను. అనంగనే కాకి దిగుతది సూడు."

"పిచ్చి లేసిందా కోడలా? నేనెందుకు పంపుత?"

"అని సూడు మరి. దిగకుంటే నా నోట్లె మట్టి కొట్టు."

మనుషులందరూ వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు. ఎవరూ తలెత్తలేదు. మేస్త్రీ నా మొహం చూడకుండా చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీసింది రాతిపన్ను. దానికి బీడీ పొడి అంటుకుని ఉంది. ఊదుకుని పోయి విస్తరిలో పెట్టాడు.

"సూడుండ్రి!" అని నేను అరిచాను. "పళ్ళు ఎవని జేబుల ఉన్నయో సూడుండ్రి!"

ఒక్కరూ చూడలేదు. మేస్త్రీ చెయ్యి ఊపగానే గట్టుకు దూరంగా జరిగి నిలబడ్డారు. నన్ను కూడా రెక్క పట్టి లాగారు. బీచ్ ఖాళీ అయిందో లేదో కాకి దిగింది. మటన్ ముక్క ముక్కున కరుచుకుంది. వెనక ఇంకో రెండు దిగాయి.

"అగో, ముట్టింది!" అని అందరూ చేతులు జోడించారు. "ఆశ తీరింది పాపం" అంది పెద్దమ్మ. చెవుడు అప్పుడే పోయింది ఆమెకు.

అంత దుఃఖంలోనూ నాకు కనబడింది. అంతసేపూ విస్తరి చుట్టూ తిరుగుతున్నది మేమే. పళ్ళు వెతుకుతూ, వంగుతూ, లేస్తూ, అరుచుకుంటూ. అంతమంది మనుషుల మధ్యకు ఏ కాకి దిగుతుంది? మేము జరిగాం, అది దిగింది. ఆకలైంది, తిన్నది. పన్నును ముక్కుతో పక్కకు తోసింది కూడా. కాని దాన్ని చూసినదాన్ని నేనొక్కదాన్నే, నా మాట వినేవాళ్ళు లేరు. మేము బొంబాయి రైలు దిగకముందే ఫోన్లలో కథ చాల్‌కు చేరిపోయింది: పన్ను పెట్టారట, పెట్టంగనే ముట్టిందట.

పెత్రమాస నాడు, అంటే పెద్దల అమావాస్యకు, మా చాల్లో అందరూ పైకి పోయి రేకుల మీద పెద్దలకు విస్తర్లు పెడతారు. నేను పెట్టను. ఆయనకు ఇష్టమైన మటన్ వండుతాను, కారం కూడా ఆయనకు వేసినట్టే వేస్తాను. మొదటి ఏడు నా బిడ్డ అడిగింది, మరాఠీ బడి పిల్ల, తెలుగు సగమే వస్తుంది: "ఆయీ, పప్పాకు పైన పెట్టవా?" కంచం దాని ముందుకు జరిపాను.

పోయిన పెత్రమాసకు మేస్త్రీ మెట్లెక్కి వచ్చాడు. ముసలివాడయ్యాడు, గుమ్మం పట్టుకుని ఆయాసపడ్డాడు.

"కోడలా, పిట్టకు పెట్టలేదంట. నలుగురు అనుకుంటున్నరు. వాడు ఉపాసం ఉండడా?"

"నేనే పంపిన అను మామా. ఇప్పుడే పెడ్త."

"ఇంకా గదే మాటనా?"

"నువ్వు అనవు. నేను పెట్టను. ఆ కాకి నీకు చుట్టం, నీ జేబుల పన్నుకు సాక్ష్యం జెప్పింది. నువ్వే పెట్టుకో పో."

ఆయన పోలేదు. వాసనకో, పంతానికో, గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమనలేదు. నేను కంచం ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను. నా మొగుడి పేర వండిన ముక్కలు ఆయన చూస్తుండగా ఒక్కొక్కటే తిన్నాను, మూలుగ పీల్చి, ఎముకలు నమిలి. కాకికి కాదు కదా, చీమకు కూడా ఏమీ మిగల్చలేదు.