కొలతకు కుట్టిన రాక్షసుడు

పుంగనూరు బజారువీధిలో టైలరు అబ్దుల్ సత్తార్‌కు ఒక్కటే పిచ్చి. మనుషుల కొలతలు తీసి చొక్కాలు ఎవరైనా కుడతారు. సత్తార్ రాక్షసుల్ని కూడా కుట్టేవాడు. రాక్షసుడు మనిషికి లూజు కాకూడదు, బిగుతూ కాకూడదు. లూజైతే ఆట చప్పబడుతుంది, బిగుతైతే వీరుడు చచ్చి ఊరుకుంటాడు. ఈ రెంటికీ మధ్య ఉండే ఆ వెంట్రుకవాసి కోసం ఆ మహానుభావుడు పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

ముందు ఆట సంగతి చెప్పాలి. ఎనభై మూడులో ఆయన బావమరిది బెంగళూరులో ఒక లాడ్జిలో పనిచేసేవాడు. ఎవరో దొర వదిలేసి పోయిన అట్టపెట్టె ఒకటి తెచ్చి సత్తార్ చేతిలో పెట్టాడు. లోపల మూడు ఇంగ్లీషు పుస్తకాలు, రకరకాల ముఖాల పాచికలు. ఇంగ్లీషు చెప్పే కమలాక్షి టీచరు వేసవి సెలవులన్నీ కూర్చుని అవి చదివి మాకు తెలుగులో చెప్పింది. ఒకరు కథ నడుపుతూ రాక్షసుల్ని తోలాలి. మిగిలినవాళ్లు వీరులై పాచికలు వేసి వాళ్లను కొట్టాలి. గెలిచేకొద్దీ వీరుడి లెవల్ పెరుగుతుంది. అంతే ఆట. ప్రతి ఆదివారం పొద్దున గుడ్డలు కత్తిరించే బల్లమీద సుద్దతో గళ్లు గీసి, కోటు గుండీలను వీరులుగా నిలబెట్టి ఆడేవాళ్లం. గానుగ నడిపే గంగప్ప కత్తివీరుడు. కమలాక్షి విలుకత్తె. పోస్టాఫీసులో ముద్రలు కొట్టుకునే నేను, ముద్దుకృష్ణను, మంత్రగాణ్ణి.

చిన్న లెవల్లో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. నాలుగు ఎలుకల్ని తోలినా మాకు ముచ్చెమటలు పట్టేవి. మూడేళ్లకు పదిహేనో లెవల్‌కు ఎక్కి కూర్చున్నాం. గంగప్ప ఒక్క ఊపులో నాలుగు దెబ్బలు కొడతాడు. నేను మంత్రం వేస్తే కొండ కూడా గురకపెట్టి నిద్రపోతుంది. సత్తార్‌కు కష్టకాలం అప్పుడే మొదలైంది.

నెలరోజులు కూర్చుని నిప్పులు కక్కే సర్పాన్ని తయారుచేశాడు. దాని వర్ణనే అరగంట సాగింది. గంగప్ప పాచిక వేశాడు, నేను వేశాను, సర్పం చచ్చింది.

“అయిపొయ్యిందా?” అన్నాడు గంగప్ప. “టీ ఇంగా వేడిగానే ఉండాదే!”

సత్తార్ ముఖం మాడిపోయింది. మరుసటి ఆదివారం ఆరు తలల భూతాన్ని తెచ్చాడు. అది రెండే రెండు ఊపుల్లో ముగ్గుర్నీ నమిలేసింది. “మళ్లీ మొదట్నించి ఆడదాం, ఇది లెక్కలోకి రాదు” అని సత్తారే బతిమాలుకున్నాడు. గంగప్ప మాత్రం వారంరోజులు పలకలేదు. ప్యాంటుగుడ్డ చంకనబెట్టుకుని మదనపల్లె బస్సెక్కి వేరే టైలరు దగ్గర కుట్టించుకొచ్చాడు. అది కూర్చుంటే చిరిగిందని తెలిసి సత్తార్ కాస్త తేరుకున్నాడు.

అప్పటినుంచి కొలతలు తీయడం మొదలుపెట్టాడు. పోస్టాఫీసు కిటికీలో, మెడకు టేపు వేలాడేసుకుని ప్రత్యక్షమయ్యేవాడు.

“రాత్రి నిద్ర పట్టిందాప్పా?”

“లేదు బాయ్, దోమలు. దానికీ ఆటకూ ఏం సంబంధం?”

“నిద్ర లేనోడు మంత్రం తప్పుగా వేస్తాడప్పా. రాక్షసునికి పది పాయింట్లు దించాల.”

గానుగ దగ్గరికి పోయి గంగప్ప మోకాలినొప్పి ఎలా ఉందో అడిగేవాడు. బడి గేటు దగ్గర కమలాక్షిని ఆపి, పరీక్ష పేపర్లు దిద్దడం అయిందా అని అడిగేవాడు. అన్నీ కొలతల పుస్తకంలో ఎక్కేవి: “గంగప్ప. ఛాతీ నలభై. దెబ్బలు నాలుగు. కోపం ఎక్కువ.”

కుట్టిన చొక్కాకు ట్రయల్ ఉన్నట్టే రాక్షసుడికీ ఉండేది. శనివారం మధ్యాహ్నం ఆయన భార్య మెహరున్నీసా హుక్కులు కుట్టుకుంటూ మా ముగ్గురి తరఫునా ఒక్కతే పాచికలు వేసేది. ఆ తల్లి మాకోసం రెండువందలసార్లకు పైగా చచ్చింది. అసలు కిటుకు కనిపెట్టిందీ ఆమే.

“అజీ, వాడు ఒగ దెబ్బ కొట్టేలోపల వీళ్లు ఆరు కొడ్తాండారు. వాణ్ణి ఎంత లావుగా కుడితే ఏం లాభం? వానికి తోడు నలుగుర్ని ఇయ్యి. వీళ్ల మంత్రాలు వాకిట్లోనే అయిపోయేటట్ల సూడు.”

సత్తార్ లేచి నిలబడి భార్యకు సలాం చేశాడట. ఆ తర్వాత ఏ రాక్షసుడూ మా దగ్గరికి ఒంటరిగా రాలేదు. ఆటలు మధ్యాహ్నందాకా సాగి, చావుకు వెంట్రుకవాసి దూరంలో గెలిచేవాళ్లం. కేకలకు ఎదురింటి ఇడ్లీకొట్టువాళ్లు కూడా వచ్చి కిటికీలో నిలబడేవాళ్లు.

అంతలో కమలాక్షికి కుప్పం అవతల ఒక పెద్ద బడికి హెడ్మిస్ట్రెస్‌గా ఆర్డరు వచ్చింది. ఆమె ముఖంలో సంతోషమే లేదు.

“ఆడ ఇరవై ముగ్గురు అయ్యవార్లు ఉండారు, అందరూ మగవాళ్లే. నా మాట ఎవరు వింటారప్పా? వద్దని రాసిచ్చేస్తా.”

ఆటలోనూ అంతే. మొదట్నించీ మా వెనక నిలబడి బాణాలు వేయడమే తప్ప, ఎటు పోదామని ఎవరైనా అడిగితే, “మీరే చెప్పండి” అనేది. సోమవారంలోగా జవాబు పంపాలి. ఆదివారం ఆమె వచ్చేటప్పటికే వద్దని రాసిన కాగితం సంచిలో ఉంది.

ఆ ఆదివారం సత్తార్ తోలిన రాక్షసుడి పేరు రాతికన్ను. వాడికంటె ముందు దయ్యాలు వచ్చి వాకిట్లోనే నా మంత్రాలన్నీ ఖర్చు చేయించాయి. గంగప్ప చెయ్యెత్తి కత్తి దూశాడు. రాతికన్ను చూశాడు.

“రాయి అయినావు గంగప్పా. కదలొద్దు, మాట్లాడొద్దు” అన్నాడు సత్తార్.

గంగప్ప నియమాలను గౌరవించే మనిషి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయాడు. ముక్కుమీద ఈగ వాలినా తోలుకోలేదు. రెండో ఊపుకు నేనూ రాయినయ్యాను. మిగిలింది కమలాక్షి, మా పక్షాన ఉన్న కోట కాపలా సైనికులు. సత్తార్ వాళ్లను తెల్ల చొక్కాగుండీలుగా బల్లమీద పరిచాడు.

“కొంచెం ముందుకు వస్తారాండీ?” అంది కమలాక్షి గుండీలతో.

“ఎవరమ్మా నువ్వు?” అన్నాడు సత్తార్, సైనికుల గొంతుతో. “మాకు గంగప్ప సెప్పాల.”

ఆమె నావైపు చూసింది. నేను రాయిని. రాతికన్ను ఐదు గుండీలను తొక్కేశాడు.  తర్వాత ఏమనుకుందో ఏమో, లేచి నిలబడి, చెక్కస్కేలు తీసి బల్లమీద ఫెడీమని కొట్టింది.

“వరుసలో నిలబడండి!”

సత్తార్ లేచి నిలబడ్డాడు. కిటికీలో ఉన్న ఇడ్లీకొట్టువాళ్లు వరుసలో నిలబడ్డారు. ఇరవై ముఖాల పాచిక వేస్తే పద్దెనిమిది పడింది. గుండీలన్నీ ఆమె మాట విన్నాయి. సగంమందికి కళ్లకు గంతలు కట్టించింది. సగంమందిని రాక్షసుడి వెనక్కి పంపి డప్పులు కొట్టించింది. రాతికన్ను అటు తిరిగాడు. ఇటునుంచి బాణాలు కురిశాయి. కానీ వాడు చావడే! ఒక్కొక్క బాణానికీ ఒరుగుతాడు, మళ్లీ లేస్తాడు. ఆమె జుట్టు ఊడిపోయింది, గొంతు బొంగురుపోయింది. ఆఖరి బాణానికి పాచిక దొర్లి దొర్లి పంతొమ్మిది దగ్గర ఆగింది. రాతికన్ను కూలాడు. బజారంతా ఈలలు.

ఆమె నవ్వలేదు. మెల్లగా కూర్చుంది.

“సత్తార్ బాయ్, నిజం చెప్పండి. నాకోసం తగ్గించినారు కదా?”

సంచిలోని కాగితం భవిష్యత్తు ఆ జవాబుమీదే ఉందని అందరికీ తెలుసు. సత్తార్ తన కాగితం ఆమె ముందుకు తిప్పాడు. రాక్షసుడి ప్రాణం నూటఎనభై అని రాసి ఉంది. దాన్ని కొట్టేసి, పక్కన రెండువందల పద్నాలుగు.

“తగ్గించలేదమ్మా, పెంచినా. మీ మూడో బాణానికే వాడు సచ్చిపోవాల. అప్పుడే సచ్చింటే, రాక్షసుడు మెత్తనోడు, నాదేముందప్పా అంటారు మీరు. అందుకని కుట్లు విప్పి ఇంగొంచెం వదిలినా. అదీ గెలిచినారు.”

“గుండీలు ఎన్ని పెట్టినారు?”

“ఇరవై మూడమ్మా. ఈడ ఐదుగుర్ని పోగొట్టినారు. ఆడ మాత్రం అందర్నీ జాగ్రత్తగా సూసుకోండి.”

ఆ మనిషి ఇన్నాళ్లూ మా నిద్రలూ నొప్పులూ ఎందుకు అడిగాడో నాకప్పుడు తెలిసింది. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న వారం, ఏ రాక్షసుడూ తట్టుకోలేనంత గొప్పగా నా మంత్రాలు ఎందుకు తగిలాయో కూడా తెలిసింది. లేచి ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, కానీ రాయిని కదా, కదల్లేదు.

“అంటే గెలిచినదాన్ని పట్టుకుని ఇంకో గంట ఏడిపించినారా!” అంది కమలాక్షి. కోప్పడబోయి పక్కున నవ్వింది. సంచిలో కాగితం తీసి నాలుగు ముక్కలు చేసింది. అక్కడే, కత్తిరించే బల్లమీదే, వస్తున్నానని కుప్పానికి జవాబు రాసింది. కింద సంతకం పెట్టి, దాని కింద హెడ్మిస్ట్రెస్ అని రాసి రెండుసార్లు చూసుకుంది.

అప్పుడు మూలనుంచి సన్నగా ఒక గొంతు వినిపించింది. గంగప్ప ఇంకా ఎత్తిన చెయ్యి దించలేదు.

“అమ్మా, నేనింగ కదలచ్చునా?”

కమలాక్షి కళ్లజోడు సర్దుకుని తలెత్తి చూసింది.

“కదలండి గంగప్పా. పోయి అందరికీ టీ చెప్పిరండి.”

పదిహేనో లెవల్ కత్తివీరుడు మారుమాట్లాడకుండా చెప్పులేసుకుని బయల్దేరాడు.