భుజాన గొర్రె, పక్కన ఎడారి

ఏడో తరగతిలో బడి మానేసిన నన్ను, ఎడారి దేశంలోని మా కూలీల క్యాంప్‌లో బరువులెత్తే ప్రతి పనికీ పిలిచేవారు. ఆలోచించే పనికి ఒక్కసారీ పిలవలేదు, తెలివైనవాళ్ళు. ఒక దసరాకు మాత్రం మటన్ తెచ్చే బాధ్యత నాకిచ్చి తప్పు చేశారు.

మా అక్క భర్త కంపెనీ పికప్ నడిపేవాడు. పొద్దున్నే ఇద్దరం అల్ షహానియా దగ్గర గొర్రెలు పెంచే ఒక మజ్రాకు బయలుదేరాం. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని దేశమంతా తవ్వుతున్న రోజులవి. మజ్రా దారికి అడ్డంగా పెద్ద కందకం ఉంది. బావ బండిలోనే ఉండిపోయాడు. నేను కందకం దాటి, ఇసుకలో నడిచి వెళ్ళి, గొర్రెను కోయించి, తోలు తీయించి, సంచిలో వేసి భుజానికెత్తుకున్నాను.

వెళ్ళేటప్పుడు దగ్గరగా ఉన్న బండి, వచ్చేటప్పుడు ఎంతకీ దగ్గరపడలేదు. అడుగేస్తే మడమ దిగబడుతోంది, సంచి జారుతోంది. ఈగలు నన్ను కూడా మటనే అనుకున్నాయి. ఈ ఎండకు మాంసం పాడైతే క్యాంప్ మొత్తానికీ పండగ పప్పుతోనే. పైగా త్వరగా రమ్మని బావ ఫోను మీద ఫోను.

"యల్లా బామ్మర్దీ, పన్నెండింటికి నేను డ్యూటీల ఉండాలె!"

మూడోసారి సంచి కింద పడేసి, చచ్చిన గొర్రెనే తిట్టాను.

చివరికి బండి చేరాక బావ మీద అరిచాను. "జర సాయం రాకపోతివి! గింత బరువు ఒక్కన్నే మోసిన!"

బావ నింపాదిగా బండి స్టార్ట్ చేశాడు.

"గొర్రెకు కాళ్ళుండె, కోసేటోనికి కాళ్ళుండె. ఇద్దర్ని ఈడిదాంక నడిపించుకొస్తే అయిపోతుండె కదరా. నిన్నెవడు మొయ్యమన్నడు?"